గుండిగల మొదటి గుక్క

దబీర్‌పురా స్టేషన్ ఎనక గల్లీలకు పోయి షౌకత్ బీ ఇల్లేది అని అడిగితె, ఎవ్వరూ ఇల్లు చూపిచ్చెటోళ్లు కాదు, పొగ చూపిచ్చెటోళ్లు. అగో, తెల్లగ, ఘాటుగ, కండ్లెంట నీళ్లు తెప్పిచ్చే పొగ లేస్తలేదూ, గదే. అది కాలిన గిన్నెల చల్లే నవసారం పొగ. రాగి దేగ్‌చాలకు, ఇత్తడి గుండిగలకు లోపట తగరం పూసి కళాయి పోసే పని ఆమెది. కళాయి లేని గిన్నెల పులుసు కాస్తె చిలుమెక్కి విషమైతది గద. అందుకని ఆ రోజులల్ల కళాయి పోసెటోళ్లు రాకుంటె ఏ ఇంట్లనూ పులుసు కాగకపోయేది. అది మొగోళ్ల పని గదా అంటరా? అనుండ్రి. అప్పుడు షహరంత గదే అన్నది. ఆమె చెవుల ఏసుకోలే.

ఆమె పెనిమిటి దస్తగీర్ మంచి పనిమంతుడు. జరమొచ్చి, చూస్తుండంగనె పోయిండు. నలభై దినాల చెహ్లుం అయినంక చుట్టాలందరు చాప మీద కూసొని, "ఇగ బయటికి రాకు, కుట్టుపని చేసుకొని బతుకు" అని ఫైసలా చేసిండ్రు. షౌకత్ బీ అంత విన్నది. విని, "తిత్తి నా మొగనిది, పట్కారు నా మొగనిది, కాళ్లు నాయి. ఇంక మీకేంది ఫికర్?" అని లేచిపోయింది.

కాళ్ల సంగతేందంటరా? కళాయి పొయ్యాలంటె ముందుగాల గిన్నె లోపట తళతళలాడేటట్టు తోమాలె. పెద్ద గుండిగ చేతులకు లొంగుతదా? ఇసుక, ఇటుకపొడి ఏసి, కాళ్ల కింద గోనెసంచి ముక్క పెట్టుకొని, అండ్లకు దిగి, గోడ పట్టుకొని, నడుము ఇటు అటు తిప్పుకుంట కాళ్లతోని రుద్దాలె. ఆమె బుర్ఖా మడిచి నడుముకు చుట్టుకొని గుండిగల తిరుగుతుంటె, వచ్చిపోయే మొగోళ్లు ముసిముసి నవ్వెటోళ్లు. "నవ్వుండ్రి బేటే, నవ్వుండ్రి. పొద్దుగాల మీ అమ్మీ పెట్టిన దాల్చా నేను తొక్కిన గిన్నెలదే" అనేది. నవ్వు అక్కడికక్కడ ఆగిపోయేది. తిత్తి ఊదే ఆడబిడ్డ మహబూబ్ బీ మాత్రం కొంగు నోట్ల కుక్కుకొని నవ్వేది.

ఇగ అప్పటి షహర్ సంగతి చెప్పాలె. గోడకు గోడ ఆనుకొనే ఉండె అందరి ఇండ్లు. పండుగైతె పలకరిచ్చుకునేది, సావైతె కలిసి ఏడ్సేది. అన్నం కాడికొచ్చెసరికి మాత్రం ఎవరి గీత వాళ్లదే. ఆ గీత ఒక్క మతానికీ మతానికీ నడుమ ఉండెననుకుంటె తప్పు. నవాబుగారి దేవిడీల పెద్ద బేగం సాబ్ నమాజు, షౌకత్ బీ నమాజు ఒక్కటే. అయినా అన్నాలకు పరిచే దస్తర్‌ఖాన్ మీద ఆమెను కూసోనియ్యకపోయేది. చెప్పులిడిచే కాడ కూసోబెట్టి, పింగాణి పూత అంచుల ఊడిపోయిన తామ్‌చీనీ పళ్లెంల బిర్యాని పెట్టేది. ఆ పళ్లెం ఆమె కోసమే తలుపెనక పెట్టి ఉంచేది. షౌకత్ బీ దాన్ని ఏనాడు ముట్టలే.

"ఇయ్యాల రోజా ఉన్న బేగం సాబ్" అనేది.

"రంజాన్ కూడ కాదు, ఏం రోజానే నీది? ఏడాదంత ఉంటవా ఏంది?" అని బేగం నవ్వేది.

"మీ ఇంటికొచ్చిన నాడే ఉంటా" అనేది, మొఖం మీద నవ్వు చెరగకుంట. ఆకలితోని కడుపు కాలుతున్నా గదే మాట. అంత మొండిది.

నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్‌కు పోతె అక్కడ ఇంకో తీరు. బియ్యం, పప్పుల టోకు వ్యాపారం చేసే విశ్వేశ్వర్ సేట్ ఇల్లుండె అక్కడ. ఇల్లు సేట్‌దే గాని, నడిపిచ్చేది ఆయన తల్లి నాగమణమ్మ. అబ్బో, ఆమె మడి ఎట్లాంటిదంటె, కాకి నీడ పడ్డా బట్టలు మళ్ల తడుపుకునేది. అసొంటి ఇంట్ల గిన్నెలు షౌకత్ బీ కాళ్ల కింద ఎట్ల పడ్డయంటె, దానికీ ఒక లెక్క ఉండె. పని అరుగు మీదనే కావాలె, గడప దాటొద్దు. షౌకత్ బీ గిన్నెలకు దిగినప్పుడు నాగమణమ్మ మొఖం అటు తిప్పుకునేది, చూడనిది జరగనట్టే. తర్వాత గిన్నె అగ్గి మీదికెక్కేది. "అగ్గి ముట్టినంక ఇగ మైల లేదు" అనేది. పసుపునీళ్లతోని కడిగి లోపటికి తీస్కపోయేది. అగ్గి ముందటి కాళ్లకు అభ్యంతరం లేదు, అగ్గి తర్వాత మాత్రం వేలు తగలొద్దు. ఆమె శాస్త్రం ఆమెది.

దప్పికైతె కోడలో, పనిమనిషో వచ్చి ఎత్తు నుంచి చెంబుతోని నీళ్లు పోసేది. షౌకత్ బీ దోసిలి పట్టి తాగేది. చెంబు ఆమెకు తగలకపోయేది, నడుమ నీళ్లధార తప్ప ఏం లేకపోయేది. అయినా సరే, ఆమె సామాన్లు సదురుకొని గల్లీ మలుపు దాకా పోయిందో లేదో, ఎనకకెల్లి బర్రు బర్రుమని సప్పుడు వినొచ్చేది. ఆ చెంబును బూడిద, చింతపండు ఏసి తోముతున్న సప్పుడు. ఊరందరి గిన్నెలు తోమే మనిషికి ఆ సప్పుడు తెల్వకుంటదా? మహబూబ్ బీ కండ్లల్ల నీళ్లు తిరిగేది.

"ఎందుకేడుస్తవే పిచ్చిదాన?" అనేది షౌకత్ బీ. "కోమటోళ్లు మనింట్ల తినరు, దేవిడీలోళ్లు మన పళ్లెం ముట్టరు, బాపనోళ్లు ఎవ్వరింట్లనూ తినరు. అయినా అందరి ముద్ద కింద ఉన్నది నా తగరమే. నన్ను దాటి ఈ షహర్ల ఒక్కల నోట్లకన్న పులుసు పోతదా చెప్పు?"

చెప్పి మెడ ఇంకింత లేపి నడిచేది. లోపట మండకపోయేదా? మండేది. కాని ఆ మంట ఆడబిడ్డకు కూడ చూపియ్యకపోయేది.

అంతల లడాయి ముదిరింది. సింగపూర్ దిక్కంత జపానోళ్ల చేతికి పోయిందన్నరు. ఆ దిక్కుకెల్లే జహాజులల్ల తగరం వచ్చేది, అది ఒక్కసారి బందైంది. బేగంబజార్ అంత తిరిగినా గోరంత తగరం దొరకకపాయె. పని నడవాలె గదా అని కొందరు కళాయోళ్లు సీసం కలుపుడు మొదలువెట్టిండ్రు. సీసం చవక, సీసం విషం. కిషన్‌బాగ్‌ల ఒక పెండ్లిల పప్పుచారు తిన్నోళ్లంత కడుపులు పట్టుకొని పడిపోయిండ్రు. ఆ గిన్నెలకు కళాయి పోసినోడు దొరకలే, మాట మాత్రం షహరంత దొరికింది. "కళాయోళ్లందరు గంతేనంట. ఆ షౌకత్ బీ కూడనంట."

ఒక్కో ఇల్లు, ఒక్కో తలుపు మూసుకున్నది. "ఇప్పుడొద్దులే, మళ్ల చూద్దాం" అన్నరు. దేవిడీల బేగం అయితె మాట కూడ మాట్లాడలే, చౌకీదారుతోనే చెప్పి పంపింది. షౌకత్ బీ ఇంటికొచ్చి సల్లారిన కొలిమి ముంగట కూలబడ్డది. పని పోతె ఇంకో పని చేసుకోవచ్చు. దస్తగీర్ పేరు మీద సీసం మచ్చ పడితె, దాన్ని ఏ ఇసుక పెట్టి తోమాలె? సందూకు అడుగున దస్తగీర్ తన చేతితోని దాచిన తగరం కడ్డీ ఒకటే మిగిలింది. అసలు సరుకు. అసలు తగరాన్ని వంచితె సన్నగ కిర్రుమని ఏడుస్తది, సీసం కలిస్తె ఏడ్వదు. అప్పుడప్పుడు దాన్ని తీసి, చెవి కాడ పెట్టుకొని, కొద్దిగ వంచి విని, మళ్ల పెట్టేది.

అసొంటి టైంల అఫ్జల్‌గంజ్‌కెల్లి కబురొచ్చింది. నాగమణమ్మ మనుమరాలు విజయలక్ష్మి పెండ్లి. "కిరాయి గిన్నెలు తెద్దామమ్మా, ఈ లొల్లి మనకెందుకు?" అని విశ్వేశ్వర్ సేట్ అన్నడంట. నాగమణమ్మ ఒప్పుకోలేదంట. "మా ఇంటి పెండ్లి పులుసు మా అత్తగారి గుండిగలనే కాగాలె. దానికి దస్తగీర్ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలే, ఆయన పోయినంక ఆయన పెండ్లాందే. షౌకత్‌ను పిలువు" అన్నదంట.

షౌకత్ బీ సందూకు తెరిచి ఆ కడ్డీ తీసింది. "ఆఖరిది గదే వదినా, అయిపోతె?" అన్నది మహబూబ్ బీ. "అయిపోనియ్యి. పేరు లేనప్పుడు కడ్డీని ఏం చేసుకుంట, నెత్తి కింద పెట్టుకొని పండుకుంటనా?" అన్నది.

ఆ పొద్దు అరుగు ముంగట చుట్టాలు మస్తుగ జమైండ్రు. అండ్ల నాగమణమ్మ ఆడబిడ్డ రుక్మిణమ్మ వరంగల్ నుంచొచ్చి, అందరికన్న ముందు పీట ఏసుకొని కూసున్నది. షౌకత్ బీ ఎవ్వరి దిక్కు చూడలే. గుండిగలకు దిగింది, నడుము తిప్పింది, రాగిరంగు మెరిసేదాక తోమింది. గుంట తవ్వి బొగ్గులేసి గుండిగను బోర్లిచ్చి, మళ్ల తిప్పి, కాలబెట్టింది. మహబూబ్ బీ తిత్తి ఊదితె బొగ్గులు ఎర్రగైనయి. కడ్డీని అందరి ముంగట చెవి కాడ వంచింది. కిర్రుమన్నది. నవసారం చల్లింది, తెల్లపొగ లేచింది, కడ్డీ రాసింది. తగరం నీళ్లోలె కరిగి పారింది. దూదితోని ఒక్కసారి చుట్టు తిప్పితె, లోపట వెండి లెక్క తెల్లారిపోయింది. పిల్లలు అందరు "అబ్బా!" అన్నరు. షౌకత్ బీ నుదుటి చెమట తుడుచుకొని లేచింది.

అప్పుడు రుక్మిణమ్మ నోరు తెరిచింది. "మెరుస్తనే ఉంది గాని వదినా, కిషన్‌బాగ్ గిన్నె కూడ గట్లనే మెరిసిందంట. ముంగట అసలు కడ్డీ చూపిచ్చి, ఎనక దూదిల ఏం పెట్టిందో ఎవరికెరుక?"

షౌకత్ బీకి నెత్తురంత మొఖానికెక్కింది. అయినా గొంతు లేపలే.

"మా ఖాందాన్ల ఒక కాయిదా ఉంది పెద్దమ్మా" అన్నది నాగమణమ్మతోని. "కళాయి పోసిన గిన్నెల చింతపండు నీళ్లు కాగబెట్టి, పోసినోళ్లే చెయ్యి ముంచి మొదటి గుక్క తాగాలె. మా దిక్కు ఇండ్లల్ల తాగుత. మీ ఇండ్లల్ల తాగితె గిన్నె ఎంగిలని, ఇన్నేండ్లు నా మాట మీదనే తీస్కున్నరు. ఇయ్యాల మాట చాలదంటున్నరు. సరే, తాగుత. కాని తాగినంక ఆ గుండిగల మీ పెండ్లి పులుసు కాస్తరా?"

"గంటెతోని దోసిట్ల పోస్తం, తాగు" అన్నడు సేట్ మెల్లగ.

"గంటెల ఏమున్నదో ఎవరికెరుక అని రేపు ఈ వరంగల్ అమ్మనే అంటది సేట్. కాయిదా అంటె కాయిదా, చెయ్యి మునగాలె."

"మునిగినంక ఉత్త గుండిగను మళ్ల అగ్గి మీద కాల్చితె..." అన్నరెవరో.

"కాల్చుండ్రి. పోసిన తగరమంత కారిపోతది. మళ్ల పొయ్యనీకె ఈ షహర్ల తగరం లేదు, నా సందూకుల అంతకన్న లేదు."

ఇగ చూడుండ్రి, ఆ ఇంటోళ్ల సంకటం. నమ్మమంటె భయం, పరీక్ష చెయ్యమంటె మైల. షౌకత్ బీ మాట తీస్కోవాలె, లేకుంటె ఆమె ఎంగిలి తీస్కోవాలె. మూడో తొవ్వ లేదు. సేట్ తల గోక్కున్నడు.

అందరు నాగమణమ్మ దిక్కు చూసిండ్రు. ఆమె లోపటికి పోయి తడిచీర కట్టుకొని వచ్చింది. తన చేతితోనే గుండిగల నీళ్లు పోసింది, చింతపండు పిసికింది, పొయ్యి ముట్టిచ్చింది. నీళ్లు తెర్లినయి. దించి, కొంచెం సల్లారనిచ్చి, రోజు తాను మంచినీళ్లు తాగే చెంబు అండ్ల ముంచింది.

"అమ్మా! నువ్వేంది?" అని సేట్ ఉరికొచ్చిండు. "వయసు మీద పడ్డది, ఏమన్న అయితె?"

"ఏమన్న అయితె పెండ్లి ఆపు. ఏం కాకుంటె ఈ మాట మా ఇంట్ల మళ్ల ఎవ్వరు ఎత్తొద్దు. అది తాగితె గుండిగ పోతది. తాగకుంటె దాని పేరు పోతది. రెండు పోవద్దంటె తాగేది నేనే." అని రుక్మిణమ్మ దిక్కు ఒక్క చూపు చూసి, చెంబెత్తి, గటగట ఆఖరి చుక్కదాక తాగింది. మూతి తుడుచుకొని, "ఉప్పు లేక సప్పగుంది" అన్నది.

ఎవరో కిసుక్కున నవ్విండ్రు. షౌకత్ బీకి నవ్వు రాలే. చుట్టాలు చాప మీద కూసొని బతుకు ఫైసలా చేసిననాడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. అరుగు మీదనే కూసున్నది, ఇంటికి పోలే. "పెద్దమ్మకు ఏమన్న అయితె మీరు నన్ను ఎతుక్కునుడెందుకు, ఈడనే ఉంట" అన్నది. పొద్దుగూకేదాక ఉన్నది. అప్పటిదాక నాగమణమ్మ వంటోళ్లను తిట్టుకుంట, పూలోన్ని తిట్టుకుంట, ఎప్పటిలెక్కనే తిరిగింది. ఏం కాలే. ఏమైతది? అది దస్తగీర్ దాచిన తగరం.

పెండ్లి పులుసు ఆ గుండిగలనే కాగింది. ఊరు ఊరంత తిన్నది, ఒక్కలకు కడుపునొప్పి రాలే. షౌకత్ బీ అక్కడ ముద్ద ముట్టలే. మా ఇంట్ల మీరు తిననప్పుడు మీ ఇంట్ల నేనెందుకు తినాలె అనేది ఆమె కాయిదా. ఆ సంగతి నాగమణమ్మకు ఎరుకే. అందుకే వండనివి, బియ్యం, పప్పు, బెల్లం, చాటల పెట్టి పంపింది. నాగమణమ్మ తాగిందన్న మాట మూసీ ఇవతల, అవతల పాకింది. మూసుకున్న తలుపులు ఒక్కోటి తెరుసుకున్నయి. దేవిడీ బేగం కూడ కబురంపింది. తగరం ఎప్పుడు దొరికితె అప్పుడే రమ్మన్నది.

లడాయి అయిపోయి, తగరం మళ్ల బజారుకొచ్చినంక, షౌకత్ బీ ఆ అరుగెక్కింది. పనైనంక దప్పికైంది. నాగమణమ్మ అప్పటికి ఇంకింత వంగింది. గోడ గూట్లకెల్లి కొత్త ఇత్తడి గ్లాసు తీసి చూపిచ్చింది. ముఖమంత సంతోషం.

"నీ కోసమే తెప్పిచ్చిన షౌకతూ. ఇగ దోసిలి పట్టకు. దీంట్ల తాగి గూట్లనే పెట్టి పో, ఎవ్వరు ముట్టరు."

షౌకత్ బీకి తలుపెనక తామ్‌చీనీ పళ్లెం యాదికొచ్చింది. ముసలామె సంతోషం చూస్తె మాట చెప్పబుద్ధి కాలే. అయినా చెప్పింది.

"వద్దు పెద్దమ్మా. మీరు తాగే దాంట్ల పోస్తె తాగుత. లేకుంటె నా దోసిలి నాకున్నది. దోసిలి నాకెవ్వరు కొనిచ్చింది కాదు, ఎవ్వరు గూట్ల పెట్టేది కాదు."

నాగమణమ్మ మొఖం ఎర్రగైంది. తాను తాగేదాన్ని ఇంకొకల నోటికియ్యనీకె ఆమెకు చేతకాదు. పుట్టినకాడికెల్లి పట్టిన మడి ఒక్క పూటల ఇడుస్తదా? ఇడువదు. కొత్త గ్లాసు తీసుకొని లోపటికి పోయింది. మహబూబ్ బీ "అయిపాయె, ఇగ ఈ ఇల్లు కూడ పాయె" అని గొణిగింది. చాలసేపైనంక నాగమణమ్మ బయటికొచ్చింది. కోడల్ని పంపలే, పనిమనిషిని పంపలే. ఆనాడు చింతపండు నీళ్లు తాగిన తన చెంబు తన చేతులనే పట్టుకొచ్చింది. "పట్టు" అన్నది.

షౌకత్ బీ దోసిలి పట్టింది. నాగమణమ్మ వంగి పోస్తుంటె నీళ్లు అటు ఇటు పడ్డయి. ధార తెగలే. చాలన్నదాక పోసింది.

సామాన్లు ఎత్తుకొని ఇద్దరు గల్లీ మలుపు దాకా వచ్చిండ్రు. అక్కడ షౌకత్ బీ ఆగిపోయింది.

"ఏందే ఆగినవ్?" అన్నది మహబూబ్ బీ.

"ఉష్. విను."

ఇద్దరు నిలబడి విన్నరు. టాంగా ఒకటి పోయింది. బియ్యం బస్తాలు దింపే హమాలీలు అరిసిండ్రు. ఆ ఇంట్లకెల్లి ఏ సప్పుడూ రాలే.

"ఏం వినొస్తలేదు గదనే" అన్నది మహబూబ్ బీ. అని, ఒక్కసారి అర్థమై, ఆమె దిక్కు చూసింది.

"గదే మరి" అన్నది షౌకత్ బీ. తిత్తి భుజానికేసుకొని, నయాపూల్ దిక్కు నడిచింది.